గుండె మార్పిడికి ముందు పంపు పెట్టించుకుంటే, తరువాత కొత్త గుండె రక్తనాళాలు త్వరగా పూడుకుపోతాయా?

అంబాజీపేట మాస్టారు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి డైలేటెడ్ కార్డియోమయోపతి అనే గుండె కండరపు జబ్బు ఉంది. వయసు ఇంకా నలభై దాటలేదు. మందులతో కొంతకాలం నెట్టుకొచ్చాం గాని, పోయిన ఏడాది పరిస్థితి బాగా దిగజారడంతో హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో గుండె ఎడమ జఠరికకు సాయపడే పంపును, అంటే అందరూ ఎల్‌వ్యాడ్ అని పిలిచే పరికరాన్ని అమర్చారు. అది హార్ట్‌మేట్ 3 అనే రకం. గుండె మార్పిడి కోసం అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదై ఉంది. దాత గుండె కోసం ఎదురు చూస్తున్నాం.

పంపు పెట్టాక మనిషి తేరుకున్నాడన్నది నిజం. మంచం దిగి నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడిపోయినవాడు, ఇప్పుడు బ్యాటరీల సంచీ భుజాన తగిలించుకుని సాయంత్రం పూట కొబ్బరితోటలో తిరిగి వస్తున్నాడు. ఆ పంపు రక్తాన్ని ఆగకుండా ఒకే ధారగా తోస్తుంది కనుక చేతికి నాడి సరిగా అందదని మాకు ముందే చెప్పారు. అయినా మా ఊరి ఆర్‌ఎంపీ గారు మణికట్టు పట్టుకుని నాడి దొరకక నిలువునా వణికిపోయారు. ఆ తరువాత ఆయనకూ, చుట్టుపక్కల వాళ్లకూ విషయం వివరించి పెట్టాం.

ఇప్పుడు నన్ను తొలిచేస్తున్న సందేహం వేరు. పంపు మీద కొంతకాలం ఉండి తరువాత మార్పిడి చేయించుకున్నవారికి, మార్చిన గుండెలోని కరొనరీ ధమనులు త్వరగా మూసుకుపోతాయని మా బంధువొకరు ఎక్కడో చదివి మా అమ్మ ముందే చెప్పారు. అప్పటి నుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. నాకు అర్థం కానిది ఏమిటంటే, మార్పిడి చేసేటప్పుడు పాత గుండెతో పాటు పంపును కూడా తీసేస్తారు కదా? ముందున్న పంపు ప్రభావం తరువాత వచ్చే దాత గుండె రక్తనాళాల మీద ఎలా పడుతుంది? నిజంగానే ముప్పు ఉంటే, ఇప్పటి నుంచే మేము జాగ్రత్త పడవలసింది ఏమైనా ఉందా? పంపు పెట్టిన కొత్తలో పేగుల్లో రక్తస్రావమై రక్తం ఎక్కించవలసి వచ్చిందని కూడా చెప్పాలి. తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

కాకినాడ హృద్రోగ వైద్యుడు ఇచ్చిన జవాబు:

మాస్టారూ, మీ సందేహంలోనే సగం జవాబు ఉంది. పాత గుండెతో పాటు పంపు కూడా వెళ్లిపోతుంది. దాత గుండెలోని ధమనులకు ఆ పంపుతో ఒక్క క్షణం కూడా పరిచయం ఉండదు. కాబట్టి పంపు నేరుగా వచ్చి ఆ నాళాలను పాడు చేసే ప్రసక్తి లేదు. సంబంధమంటూ ఉంటే అది మీ తమ్ముడి రోగనిరోధక వ్యవస్థ ద్వారానే ఉండాలి. గుండె మారుతుంది గాని, ఎముక మజ్జ, లింఫు గ్రంథులు, రక్తంలో తిరిగే యాంటీబాడీలు ఆయనవే. పంపుతో గడిపిన నెలల్లో ఆ వ్యవస్థ పరాయి కణాలను ఎన్నిటిని గుర్తుపెట్టుకున్నదో, ఆ జ్ఞాపకం కొత్త గుండె వచ్చాక కూడా చెరిగిపోదు.

ముందుగా ఆ జబ్బు సంగతి చెబుతాను. దీన్ని కార్డియాక్ అల్లోగ్రాఫ్ట్ వాస్క్యులోపతీ అంటారు, మేము క్లుప్తంగా సీఏవీ అంటాం. మామూలుగా అందరికీ వచ్చే గుండె రక్తనాళాల జబ్బులో కొవ్వు ధమని గోడకు ఒక పక్కన, ఒకటి రెండు చోట్ల గడ్డకట్టినట్టు పేరుకుంటుంది. అందుకే అక్కడ స్టెంటు వేసి తెరవగలుగుతాం. సీఏవీలో ధమని లోపలి పొర మొదలు నుంచి చివరి సన్నని కొమ్మల దాకా చుట్టూతా దళసరి అవుతుంది. మన డెల్టాలో లాకు దగ్గర చెత్త అడ్డుపడితే తీసేయవచ్చు గాని, పంట కాలువ పొడవునా పూడిక పట్టి శివారు భూములకు నీరందకపోతే ఒక్కచోట తవ్వి లాభం ఉండదు కదా, ఇదీ అటువంటిదే. అందువల్ల స్టెంటు, బైపాస్ ఇందులో పరిమితంగానే పనికొస్తాయి. జబ్బు బాగా ముదిరితే మిగిలే దారి మళ్లీ గుండె మార్పిడే.

ఇది అరుదైన జబ్బు కాదన్న సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది. అంతర్జాతీయ గుండె, ఊపిరితిత్తుల మార్పిడి సంఘం రిజిస్ట్రీ లెక్కల ప్రకారం, బతికి ఉన్న గ్రహీతల్లో మొదటి ఏడాదికి సుమారు 8 శాతం మందిలో, అయిదేళ్లకు సుమారు 30 శాతం మందిలో, పదేళ్లకు దాదాపు సగం మందిలో ఇది ఏదో ఒక స్థాయిలో కనిపిస్తుంది. ఇవి పంపు ఉన్నవారూ, ఎన్నడూ లేనివారూ అందరూ కలిసిన లెక్కలు. అంటే మీ బంధువు చెప్పిన జబ్బు పంపు వల్లనే పుట్టుకొచ్చేది కాదు. దాత వయసు, దాతకు ముందే ఉన్న రక్తపోటు, బ్రెయిన్ డెడ్ అయ్యే సమయంలో ఆ గుండెకు తగిలిన దెబ్బ, ఆ గుండె శరీరం బయట ఉన్న వ్యవధి, గ్రహీతకు పదేపదే వచ్చే రిజెక్షన్ (అంటే శరీరం కొత్త గుండెను పరాయిదిగా ఎంచి దాని మీద దాడి చేయడం), సైటోమెగాలో వైరస్ ఇన్ఫెక్షన్, కొలెస్ట్రాల్, మధుమేహం, పొగతాగడం, ఇవన్నీ కలిసే దాన్ని తెస్తాయి. ఈ జాబితాలో పంపు స్థానం ఎక్కడన్నదే అసలు ప్రశ్న.

పంపు ద్వారా ముప్పు పెరగడానికి సిద్ధాంతరీత్యా దారులు ఉన్నాయి. మొదటిదీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ హెచ్ఎల్ఏ యాంటీబాడీలు. హెచ్ఎల్ఏ అంటే ప్రతి మనిషి కణాల మీద ఉండే గుర్తింపు ముద్రల వంటి ప్రోటీన్లు. పరాయి మనిషి కణాలు ఒంట్లోకి వచ్చినప్పుడు వాటి హెచ్ఎల్ఏకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టవచ్చు. పంపు అమర్చే శస్త్రచికిత్సలోనూ, తరువాత రక్తస్రావం జరిగినప్పుడూ ఎక్కించే రక్తం దీనికి పెద్ద కారణం. పంపు ఉపరితలాన్ని రక్తం నిత్యం తాకుతూ ఉండడం వల్ల రోగనిరోధక కణాలు ఉత్తేజితం కావడం మరొక కారణం. పాతకాలపు హార్ట్‌మేట్ ఎక్స్‌వీఈ పంపుల లోపలి భాగం గరుకుగా ఉండి, దాని మీద రోగనిరోధక కణాలతో కూడిన పొర ఏర్పడేది. ఆ రోజుల్లో యాంటీబాడీలు ఎక్కువగా కనిపించడానికి అది కూడా ఒక కారణం. ఈ యాంటీబాడీల్లో ఏవైనా దాత గుండె హెచ్ఎల్ఏ మీద గురిపెట్టినవై ఉంటే, అవి ధమనుల లోపలి పొరను తాకి నెమ్మదిగా గాయపరుస్తాయి. ఆ గాయం మానే క్రమంలోనే పొర దళసరి అవుతుంది.

రెండో దారి, పంపు పెట్టిన తొలి రోజుల నుంచీ ఉండే ఇన్ఫెక్షన్లూ, వాపు తత్వమూ. పొట్ట మీద చర్మం గుండా బయటికి వచ్చే పంపు తీగ, అంటే డ్రైవ్‌లైన్ దగ్గర చీము పట్టడం ఇందులో తరచుగా చూసేది. మూడోది శస్త్రచికిత్స వైపు నుంచి వస్తుంది. ఒకసారి తెరిచిన ఛాతీని మళ్లీ తెరిచి, అతుకులు విడదీసి, పంపును తీసి కొత్త గుండె పెట్టడానికి సమయం ఎక్కువ పడుతుంది. దాత గుండె శరీరం బయట ఉండే వ్యవధిని సాధారణంగా నాలుగు గంటల లోపు ఉంచాలని చూస్తాం. అందుకే పంపు ఉన్న గ్రహీతను ముందుగానే పిలిపించి ఛాతీ తెరవడం మొదలుపెడతారు. ఈ శస్త్రచికిత్సలో రక్తం కూడా ఎక్కువే అవసరపడవచ్చు.

ఇక రుజువుల మాట. పంపు పెట్టేవారినీ పెట్టనివారినీ చీటీ తీసి విడదీసి సీఏవీ చూసే ప్రయోగం ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. కాబట్టి మనకున్నవన్నీ గతంలో జరిగినవాటిని తిరగేసి చూసిన పరిశీలనలు. వాటిలో కొన్ని పంపు ఉన్నవారిలో సీఏవీ ఎక్కువని చూపాయి, మరికొన్నింటిలో తేడా కనిపించలేదు. ఈ రెండు గుంపుల మనుషులు మొదటి నుంచీ ఒకే రకం వాళ్లు కాకపోవడం ఇక్కడ చిక్కు. పంపు అవసరమయ్యేవారు సాధారణంగా ఎక్కువ జబ్బుతో ఉన్నవారు. దాత గుండె కోసం ఎక్కువ కాలం ఆగవలసిన ఓ (O) గ్రూపు రక్తం వారు, పెద్ద శరీరం ఉన్న మగవారు వారిలో ఎక్కువ. గుండెపోటు వల్లనే కండరం దెబ్బతిన్నవారైతే పొగాకు, మధుమేహం, కొలెస్ట్రాల్ వంటి పాత శత్రువులు కొత్త గుండె దగ్గరికి కూడా వస్తాయి. అదీగాక, ఒక ఆసుపత్రి ధమని లోపలికి అల్ట్రాసౌండ్ పంపి గోడ మందం కొలిస్తే, మరొకటి యాంజియోగ్రామ్‌తో సరిపెడుతుంది. మొదటిదానికి జబ్బు ఎక్కువగా కనిపించడం సహజం. పాత పంపుల అనుభవాన్ని హార్ట్‌మేట్ 3 వంటి కొత్త పంపులకు అంటగట్టడం కూడా సరికాదు. ఇవన్నీ తూచి చూశాక నా అభిప్రాయం ఇది. పంపు తనంతట తానుగా సీఏవీని తెస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పంపుతో వచ్చే రక్తస్రావం, రక్తం ఎక్కించడం, యాంటీబాడీలు, ఇన్ఫెక్షన్, వీటి ముప్పు మాత్రం నిజమైనదే, పట్టించుకోవలసినదే.

మీ అమ్మగారికి మరొక మాట కూడా చెప్పండి. పంపు లేకుండా ఎదురు చూడడమనే దారి మీ తమ్ముడికి అసలు ఉండి ఉండకపోవచ్చు. ఎడమ గుండె చేతకానప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోతుంది. అది తగ్గకపోతే దాత గుండెలోని కుడి జఠరిక మొదటి రోజునే ఆ ఒత్తిడికి తట్టుకోలేక కుప్పకూలవచ్చు. పంపు కొన్ని నెలల్లో ఆ ఒత్తిడిని దించుతుంది, మూత్రపిండాలకు రక్తం అందిస్తుంది, తిండి సహించేలా చేస్తుంది, కండ మళ్లీ పట్టేలా చేస్తుంది. 2022లో వెలువడిన మొమెంటం 3 అధ్యయనపు అయిదేళ్ల ఫలితాల్లో హార్ట్‌మేట్ 3 పెట్టించుకున్నవారిలో సుమారు 58 శాతం మంది అయిదేళ్లకు బతికి ఉన్నారు. అంతకు ముందు తరం పంపు ఉన్నవారిలో అది సుమారు 44 శాతం. పంపులో గడ్డలు కట్టే బెడద కూడా ఈ కొత్త రకంలో బాగా తగ్గింది.

మన దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ గారు మన రాజమండ్రి వారే. ఆ నాటికి ఇలా నెలల తరబడి ఇంటి దగ్గర ఉండి, తోటలో నడుస్తూ దాత కోసం ఎదురు చూసే వీలు ఇక్కడి రోగికి లేదు. పంపు ఇచ్చిన ఆ వ్యవధిని మీరు ఎలా వాడుకుంటారన్నది ఇప్పుడు ముఖ్యం.

మొగల్తూరు గృహిణి ఇచ్చిన జవాబు:

మాస్టారు గారికి నమస్కారం. నేను డాక్టరును కాను. గుండె మార్పిడి చేయించుకున్నదాన్ని. కొన్నేళ్లు గడిచాయి, బాగానే ఉన్నాను. నా అనుభవం మీ అమ్మగారికి కొంత ధైర్యం ఇస్తుందేమోనని రాస్తున్నాను.

నాకు పంపు పెట్టలేదు. నేరుగా మార్పిడే జరిగింది. అయినా మార్పిడికి ముందు చేసిన పరీక్షలో నా రక్తంలో హెచ్ఎల్ఏ యాంటీబాడీలు బాగా ఉన్నాయని తేలింది. పంపు లేదు, రక్తం ఎక్కించిందీ లేదు, మరి ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే, కాన్పుల వల్ల వచ్చాయని చెప్పారు. కడుపులో బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన హెచ్ఎల్ఏ తల్లి శరీరానికి పరాయిదే కదా, దానికి యాంటీబాడీలు తయారై అలాగే ఉండిపోతాయట. ఆ కారణంగా వచ్చిన గుండెల్లో కొన్ని నాకు సరిపడవని వదిలేశారు. ఎదురుచూపు పెరిగింది. కాబట్టి యాంటీబాడీలన్నీ పంపు పుణ్యమేనని అనుకోవద్దని మీ బంధువుకు చెప్పండి.

మరొక సంగతి తప్పకుండా రాయాలి. మార్పిడి జరిగిన మూడో ఏడు పరీక్షలో నా ధమనుల్లో లోపలి పొర కొద్దిగా దళసరి అయినట్టు కనిపించింది. నాకు ఛాతీలో నొప్పి ఎన్నడూ రాలేదు. గుండెను తీసి పెట్టేటప్పుడు నరాలు తెగిపోతాయి కనుక, కొత్త గుండె కష్టపడుతున్నా చాలామందికి నొప్పి తెలియదని అప్పుడు అర్థమైంది. నాకు కనిపించిన తేడా అల్లా, ఇంటి డాబా మెట్లు ఎక్కితే మునుపటికన్నా త్వరగా ఆయాసం రావడం. దాన్ని నేను వయసు మీద పడుతోందని సరిపెట్టుకునేదాన్ని. యాంజియోగ్రామ్ దాదాపు మామూలుగానే వచ్చింది. ధమని లోపలికి సన్నని అల్ట్రాసౌండ్ తీగ పంపి చూసినప్పుడే గోడ మందం బయటపడింది. దాన్ని వాళ్లు ఐవస్ అంటారు. ఆ తరువాత రిజెక్షన్ రాకుండా వాడే నా మందుల్లో మైకోఫెనోలేట్ తీసి ఎవరోలిమస్ చేర్చారు. ఇప్పుడు జబ్బు ముదరకుండా నిలకడగా ఉందని చెబుతున్నారు.

ఇక మన ప్రాంతంవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది పంపరపనస సంగతి. వినాయక చవితికి పాలవెల్లికి పంపరపనస కట్టి, పూజయ్యాక తొనలు ఒలిచి ఇంటిల్లిపాదీ తింటాం. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, ఎవరోలిమస్ వంటి మందులు వాడేవారు ఆ పండు ముట్టుకోకూడదు. అందులోని పదార్థాలు పేగుల్లో ఆ మందును విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి, దానితో రక్తంలో మందు మోతాదు పెరిగిపోయి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. గ్రేప్‌ఫ్రూట్ తినవద్దని కాగితంలో రాసి ఇస్తారు గాని, ఆ పండు మన ఊళ్లలో ఎవరికి తెలుసు? మా ఆసుపత్రి ఫార్మసిస్టు పంపరపనస కూడా అదే జాతిదని విడిగా చెప్పకపోతే నేను తినేసి ఉండేదాన్ని. మీ తమ్ముడు ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మీద ఉంటే, తోటకూర, గోంగూర, మునగాకు మానెయ్యనక్కరలేదు గాని, ఒక వారం అసలు లేకుండా, మరో వారం రోజూ తినడం మాత్రం మంచిది కాదు. ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టే తీరును చూపే అంకె, కిందా మీదా అయితే గడ్డ కట్టడమో, రక్తం కారడమో జరుగుతుంది.

రాజమండ్రి బ్లడ్‌బ్యాంకు ఉద్యోగి ఇచ్చిన జవాబు:

డాక్టరు గారు యాంటీబాడీల గురించి చెప్పారు కనుక, రక్తం వైపు నుంచి కొంత కలుపుతాను.

మీ తమ్ముడికి ఇకముందు రక్తం అవసరపడితే, తెల్లకణాలు వడపోసిన రక్తమే కావాలని ముందే అడగండి. ల్యూకోరెడ్యూస్డ్ అంటే అందరికీ అర్థమవుతుంది. హెచ్ఎల్ఏ ముద్రలు ముఖ్యంగా తెల్లకణాల మీద, ప్లేట్‌లెట్ల మీద ఉంటాయి కాబట్టి, వడపోత వల్ల యాంటీబాడీలు పుట్టే అవకాశం తగ్గుతుంది, పూర్తిగా పోదు. సైటోమెగాలో వైరస్ కూడా తెల్లకణాల్లోనే దాగి ఉంటుంది గనుక దాని బెడద కూడా తగ్గుతుంది.

మన ఊళ్లలో ఎవరికైనా రక్తం కావాలంటే అన్నదమ్ములు, మేనల్లుళ్లు ముందుకు దూకుతారు. ఆ ప్రేమను కాదనలేం గాని, దగ్గరి రక్తసంబంధీకుల రక్తాన్ని నేరుగా రోగికి ఎక్కించడం మంచిది కాదు. బంధువు తెల్లకణాలను రోగి శరీరం పరాయివిగా పోల్చుకోలేకపోతే, అవి నిలదొక్కుకుని రోగి మీదనే దాడి చేసే ప్రమాదకరమైన పరిస్థితి అరుదుగా వస్తుంది. అందుకే అటువంటి రక్తాన్ని రేడియేషన్ ఇవ్వకుండా వాడరు. మీ వాళ్లు వచ్చి బ్యాంకుకు రక్తం ఇవ్వనివ్వండి, మీ తమ్ముడికి మాత్రం వేరే దాతలది తీసుకోండి.

పీఆర్ఏ అనే పరీక్ష ఫలితం మీ ఫైలులో ఉంటుంది, చూడండి. అది ఉదాహరణకు 40 శాతం అని ఉంటే, నూరుగురు దాతల్లో సుమారు నలభై మందికి వ్యతిరేకంగా ఇతని రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయని అర్థం. సింగిల్ యాంటిజెన్ బీడ్ పరీక్ష ఇంకా లోతుగా వెళ్లి, ఏ హెచ్ఎల్ఏకు ఎంత బలమైన యాంటీబాడీ ఉందో విడివిడిగా చెబుతుంది. దాని ఆధారంగా పనికిరాని దాతలను ముందే పక్కన పెడతారు.

అంబాజీపేట మాస్టారు:

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అమ్మకు మొగల్తూరు అమ్మగారి మాటలు చదివి వినిపించాను. ఫైలు తీసి చూస్తే, పంపు పెట్టక ముందు చేసిన పీఆర్ఏ ఫలితం ఉంది గాని, రక్తం ఎక్కించిన తరువాత మళ్లీ చేసినట్టు కాగితం కనపడలేదు. వచ్చే వారం చెకప్‌కు వెళ్తున్నాం, అడుగుతాను.

మరో రెండు సందేహాలు ఉన్నాయి. ఇదంతా విన్నాక అమ్మ, ఇకమీదట ఏం జరిగినా వాడికి రక్తం ఎక్కించనివ్వనని పట్టుబట్టింది. అది సరైనదేనా? ఇక రెండోది, మార్పిడి అయ్యాక ప్రతి ఏడూ యాంజియోగ్రామ్ తప్పదంటున్నారు. ఆ రంగు మందు మూత్రపిండాలకు చేటు కదా, దానికి బదులు మరొకటి లేదా?

కాకినాడ హృద్రోగ వైద్యుడు:

రక్తం విషయంలో అమ్మగారికి గట్టిగా చెప్పండి. హిమోగ్లోబిన్ ప్రమాదకరంగా పడిపోయినప్పుడు రక్తం ఎక్కించకపోతే మార్పిడి దాకా మనిషి నిలవడు. చేయవలసింది అవసరం రాకుండా చూసుకోవడం. మలం నల్లగా, తారులా వస్తే ఆ రోజే ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఈ పంపుల్లో రక్తం వేగంగా తిరగడం వల్ల వాన్ విల్లెబ్రాండ్ అనే గడ్డకట్టే పదార్థం దెబ్బతిని పేగుల్లో రక్తం కారే గుణం పెరుగుతుంది. 2023లో వెలువడిన ఏరీస్ హెచ్ఎం3 అధ్యయనంలో హార్ట్‌మేట్ 3 ఉన్నవారికి వార్ఫరిన్ వంటి మందుతో పాటు ఆస్పిరిన్ ఇవ్వకపోయినా గడ్డల బెడద పెరగలేదు, రక్తస్రావాలు మాత్రం సుమారు మూడో వంతు తగ్గాయి. ఇప్పటికీ ఆస్పిరిన్ వేస్తున్నారా, అవసరమేనా అని మీ వైద్య బృందాన్ని అడగండి. సొంతంగా మాత్రం ఆపవద్దు. రక్తం తక్కువగా కారితే ఎక్కించవలసిన రక్తం తగ్గుతుంది, దానితో యాంటీబాడీల ముప్పు కూడా తగ్గుతుంది. ఐరన్ లోపం ఉంటే దాన్ని సరిచేయడం కూడా ఇందులో భాగమే.

మీరు గమనించిన కాగితం సంగతి చాలా ముఖ్యం. రక్తం ఎక్కించిన ప్రతిసారీ, పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతిసారీ, కొన్ని వారాల తరువాత హెచ్ఎల్ఏ యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయాలి. పంపుకు ముందు సున్నా ఉన్న పీఆర్ఏ తరువాత పెరిగి ఉండవచ్చు, పెరిగి మళ్లీ తగ్గి ఉండవచ్చు. పాత కాగితాన్ని నమ్ముకుని దాతను ఎంచుకోకూడదు. రక్తం ఎక్కించిన తేదీ, ఎన్ని సంచులు, వడపోసినదా కాదా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. ఒకవేళ యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే, ప్లాస్మా మార్పిడి, ఇమ్యూనోగ్లోబులిన్, రిటుక్సిమాబ్ వంటి చికిత్సలతో తగ్గించే ప్రయత్నం ఉంది. అది ఖర్చుతోనూ, ఇన్ఫెక్షన్ ముప్పుతోనూ కూడుకున్నది కాబట్టి అందరికీ చేయరు.

ఇక యాంజియోగ్రామ్. ఛాతీ నొప్పి అనే హెచ్చరిక గంట చాలామంది గ్రహీతల్లో మోగదు గనుక, వెతికి చూడడం తప్పదు. మొదటి కొన్నేళ్లు ఏడాదికోసారి, అన్నీ బాగుంటే తరువాత కొంత ఎడంగా చేయడం చాలా కేంద్రాల పద్ధతి. మొదటి ఏడాదిలో ఐవస్ చేయగలిగితే మంచిది. ఆ ఏడాదిలోనే లోపలి పొర మందం 0.5 మిల్లీమీటరు, అంతకు మించి పెరిగినవారికి తరువాతి కాలంలో చెడు ఫలితాలు ఎక్కువని 2005లో రెండు అధ్యయనాలు చూపాయి. అలా పెరిగినట్టు తేలితే మొగల్తూరు అమ్మగారికి చేసినట్టు మందులు మార్చే వీలు తొందరగా దొరుకుతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి రంగు మందును వీలైనంత తక్కువ వాడి, ముందూ తరువాతా తగినంత సెలైన్ ఇచ్చి చేస్తారు. కొందరిలో పెట్ స్కాన్‌తో గుండె కండరానికి రక్తప్రవాహం కొలవడం, మందు ఇచ్చి చేసే ఎకో పరీక్ష కూడా సాయపడతాయి. జబ్బు కొద్దిగా ఉన్నప్పుడు మాత్రం ఇవి ఐవస్ అంత సూక్ష్మంగా పట్టుకోలేవు.

మందుల్లో మీ తమ్ముడికి మార్పిడి తరువాత కొలెస్ట్రాల్ ఎంత ఉన్నా స్టాటిన్ ఇస్తారు. 1995లో ప్రవాస్టాటిన్‌తో జరిగిన అధ్యయనంలో, మార్పిడి జరిగిన వారం రెండు వారాల్లోనే మొదలుపెట్టినవారిలో ప్రాణం మీదికి వచ్చే రిజెక్షన్లు, ఈ ధమనుల జబ్బు రెండూ తగ్గాయి. కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది కదా, ఈ మాత్ర ఎందుకని ఊళ్లో ఎవరైనా ఆపమంటే వినకండి. కండరాల నొప్పులు గట్టిగా వస్తే మాత్రం వెంటనే చెప్పాలి, ముఖ్యంగా సైక్లోస్పోరిన్ వాడుతున్నప్పుడు. ఎవరోలిమస్ ధమని పొర దళసరి కావడాన్ని తగ్గిస్తుందని 2003 నాటి అధ్యయనం చూపింది. అది గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది కనుక చాలాచోట్ల శస్త్రచికిత్స అయిన వెంటనే మొదలుపెట్టరు. సైటోమెగాలో వైరస్‌కు వాల్‌గాన్‌సిక్లోవిర్ ఎన్ని నెలలు వేయాలన్నది దాతకూ గ్రహీతకూ ఆ వైరస్ పరీక్ష ఎలా వచ్చిందన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారు. మీ తమ్ముడి ఫలితం ఇప్పుడే తెలుసుకుని ఫైలులో పెట్టుకోవచ్చు.

వచ్చే వారం వెళ్లినప్పుడు డ్రైవ్‌లైన్ బయటికి వచ్చే చోటును కూడా విప్పి చూపించండి. చుట్టూ ఎరుపు, తడి, వాసన ఏవైనా ఉంటే మీరు ఇంట్లోనే ఆయింట్‌మెంట్ రాసి సరిపెట్టకుండా, అక్కడి నుంచి నమూనా తీసి కల్చర్ పరీక్షకు పంపమని అడగండి. కొత్త పీఆర్ఏ ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. వచ్చాక ఆ అంకె ఇక్కడ రాస్తే, దాని అర్థం ఏమిటో కలిసి చూద్దాం.